గుట్ట చాటు గాలి

నేను గాల్లో ఎగిరేదాన్నంటే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను నమ్మించే ప్రయత్నం మానేసి చాలా కాలమైంది. తొంభైల మొదట్లో నేను కొత్తకోటలో ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరును. ఖోఖో, కబడ్డీ నేర్పడం, జెండా పండుగకు పిల్లలతో డ్రిల్లు చేయించడం, వానలు పడ్డాక గ్రౌండులో మొలిచిన పల్లేరు తీగల్ని పీకించడం, ఇదీ నా ఉద్యోగం. ఒక ఏడాది ఆటల టీచర్లకు ఉత్తరాది కొండల్లో సాహస క్రీడల శిక్షణ ఇస్తామని, జిల్లా నుంచి ఒకరిని పంపమని కబురు వచ్చింది. మగ టీచర్లలో ఒకాయన చలి పడదన్నాడు, ఒకాయన బిడ్డ పెళ్లి ఉందన్నాడు, ఇంకొకాయన రైల్లో నిద్ర పట్టదన్నాడు. అలా తిరిగి తిరిగి అది నా దగ్గరికి వచ్చింది.

ఇంట్లో నేనూ బాపూ ఇద్దరమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు సర్కారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాక పాత జీపు ఒకటి కొనుక్కుని, చుట్టుపక్కల ఊళ్లకు కిరాయికి తిప్పేవాడు. మాది నకిరేకల్ పక్కన పల్లె. నాకు కొత్తకోటలో పోస్టింగు వచ్చిందని జీపుతో సహా ఆయనా వచ్చేశాడు. శిక్షణ సంగతి చెబితే అన్నం కలుపుతూనే, "పో బిడ్డా. సర్కారు ఖర్సుతోని మంచు సూసొస్తవు" అన్నాడు.

మంచు దూరంగానే కనిపించింది. దగ్గరగా కనిపించింది మాత్రం పచ్చిక వాలు మీద పరిచిన ఒక పెద్ద రంగుల గుడ్డ. దానికి సన్నటి దారాలు, ఆ దారాల చివర నడుముకు, తొడలకు కట్టుకునే సీటు. గాలికి ఎదురు నిలబడి దారాలు గుంజితే ఆ గుడ్డ లేచి, లోపల గాలి నిండి, తలమీద రెక్కలా నిలబడుతుంది. నాలుగడుగులు పరిగెత్తితే కాళ్ల కింద నేల ఉండదు. పారాగ్లైడింగ్ అంటే ఇంతేనని అక్కడి గురువు మొదటి రోజు చెప్పాడు. ఇంతే కాదని మిగతా రోజులన్నీ చెప్పాడు.

ఆ గురువు మిలిటరీలో మేజరుగా చేసి రిటైరైనాయన. అందరితో హిందీలో మాట్లాడేవాడు. ఒకనాడు నేను సీటు పట్టీ బిగించుకోలేక, "అయ్యో, గిదేంది గిట్ల ఇరుక్కున్నది" అని పైకే గొణుక్కుంటుంటే పక్కనుంచి వెళ్తున్న ఆయన ఆగిపోయాడు.

"ఏ ఊరమ్మా నీది?"

చెప్పాను. ఆయనది ఆలేరు దగ్గర పల్లె. మంచు కొండల మధ్య ఇద్దరం నిలబడి ఆలేరు సంతలో దొరికే మిరపకాయల గురించి మాట్లాడుకున్నాం. శిబిరం అయిపోయేనాటికి ఆయన నన్ను 'టీచరమ్మా' అని పిలవడం మానేసి 'బిడ్డా' అంటున్నాడు. మరుసటి ఏడు ఆయన హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డాక, శిబిరంలో వాడేసి పక్కన పెట్టిన రెక్క ఒకటి నాకిచ్చాడు. అంచులు మాసిపోయిన పసుప్పచ్చ రెక్క.

"ముసలిదే గని మాట ఇంటది" అన్నాడు. "ఒక్కటే షరతు. ఒక్కదానివి గుట్ట ఎక్కొద్దు. గుట్ట నెత్తిన ఒక మనిషి, కింద ఒక మనిషి ఉండాలె. ఇద్దరూ గాలిని సూసేటోళ్లు అయ్యుండాలె."

కింద మనిషి బాపు. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. నెత్తిన మనిషి మా ఆపా. మా స్కూల్లోనే ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు చెప్పేది. నాకంటే బాగా పెద్ద. స్కూలంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేది. భర్తకు బస్టాండు దగ్గర కుట్టు దుకాణం. ఆదివారం ఇంట్లో వంట చేసి పెట్టి, టిఫిను కట్టుకుని మాతో జీపెక్కేది. ఒకసారి ఎగురుతావా అని అడిగితే, "నేను జమీన్ మీదనే ఖుష్. నువ్వు ఎగురు, నేను చూస్త. చూసుడు కూడ పనే" అంది.

కొత్తకోట నుంచి కొంచెం దూరంలో, ఉత్తరం నుంచి దక్షిణానికి గోడలా సాగిన గుట్ట ఒకటుంది. పడమటి పక్క అంతా రాతి గుండ్లు, నిటారుగా ఉంటుంది. తూర్పు పక్క వాలుగా, సీతాఫలం చెట్లతో, నడుమ నడుమ గడ్డితో మెత్తగా ఉంటుంది. చలికాలంలో పొద్దున పూట తూర్పు నుంచి గాలి నింపాదిగా వచ్చి ఆ వాలుకు తగిలి పైకి లేస్తుంది. ఆ లేచే గాలిలో రెక్క ఉంటే చాలు, గుట్ట పొడవునా అటూ ఇటూ తిరుగుతూ ఎంతసేపైనా ఉండవచ్చు. ఆపా భర్త దుకాణంలో మిగిలిన గుడ్డ పీలికలు తెచ్చి మేం వాలు మీద, నెత్తిన, కింద పొలం గట్ల మీద కట్టెలు పాతి కట్టాం. గాలి ఎటు వీస్తున్నదో అవి చెబుతాయి. ఆపా చేతిలో రెండు గుడ్డలు ఉండేవి. ఆకుపచ్చది ఊపితే అంతా బాగుందని. ఎర్రది ఊపితే గాలి మారింది, గుట్ట వదిలిపెట్టి పొమ్మని.

మొదట్లో చుట్టుపక్కల పల్లెలవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. కొన్నాళ్లకు అలవాటైపోయింది. "గొడుగు టీచర్ వచ్చింది" అనుకుని మళ్లీ కలుపు మీదికి వంగేవాళ్లు. పైనుంచి చూస్తే పల్లీ చేలు, ఎర్రమట్టి దారులు, హైవే మీద చీమల్లా లారీలు, పడమట ఎండకు మెరిసే చెరువు ముక్క. ఆ ఎత్తులో నాకు ఎప్పుడూ గొప్ప ఆలోచనలు రాలేదు. చల్లగా, హాయిగా ఉండేది. సోమవారం పిల్లలకు ఏ ఆట ఆడించాలో అనుకుంటూ తిరిగేదాన్ని.

ఆ ఏడు చలికాలం పోయి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, ఎప్పటిలాగే తూర్పు వాలు మీదినుంచి ఎగిరాను. గాలి బాగుంది. పీలికలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఆపా ఆకుపచ్చ గుడ్డ ఊపింది. ఒకసారి ఆ చివరిదాకా పోయి వచ్చాను. రెండోసారి పోతుండగా నన్ను పైకి మోస్తున్న గాలి పలచబడినట్టు అనిపించింది. కొంచెం కిందికి దిగాను, మళ్లీ ఎగిసాను. మెట్లమీద కాలు తప్పినట్టు ఉంది. నాతోపాటు ఎప్పుడూ తిరిగే గద్దల కోసం చూశాను. తూర్పు పక్క ఒక్కటి కూడా లేదు. అన్నీ గుట్ట దాటి పడమటి పక్కకు పోయి అక్కడ తిరుగుతున్నాయి.

నెత్తివైపు చూశాను. ఆపా రెండు చేతులా ఎర్ర గుడ్డ పట్టుకుని ఊపుతోంది. ఆమె పక్కన కట్టెకు కట్టిన పీలిక నా వైపు తిరిగి ఉంది. పైన పడమటి గాలి వచ్చేసింది. అంటే నేను ఇప్పుడు గుట్టకు చాటు పక్కన ఉన్నాను.

శిబిరంలో మేజర్ సార్ చాటు పక్క గురించి చెప్పినప్పుడు నోటుబుక్కులో రాసుకున్నాను గానీ, అది ఒంటికి ఎలా తగులుతుందో అప్పుడు తెలియదు. గాలి గుట్ట నెత్తి దాటాక తిన్నగా పోదు. వెనక వాలు మీద మడత పడి, కిందికి దొర్లి, సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లలో రెక్క ఉండకూడదు. గుట్ట దాటి పడమటి పక్కకు పోదామంటే ఎదురుగాలిలో ముందుకు సాగదు, నెత్తిన గుండ్ల మీద పడతాను. నెత్తినే దిగుదామంటే అక్కడే సుడి గట్టిగా ఉంటుంది. మిగిలింది ఒక్కటే. గుట్టకు వీపు చూపించి, గాలి ఎటు పోతుంటే అటు, తూర్పున బయలు పొలాల మీదికి వీలైనంత దూరం పోవడం.

రెక్కను తిప్పాను. అప్పుడు మొదలైంది. ఎవరో కింద పీట లాగేసినట్టు జారాను. సీతాఫలం చెట్లు పెద్దవయ్యాయి. ఎడమ చేతిలో ఎప్పుడూ ఉండే గుంజుడు మాయమైంది. తలెత్తకుండానే తెలిసింది, ఎడమ పక్క రెక్క ముడుచుకుపోయిందని. పైన గుడ్డ టపటపా కొట్టుకుంటున్న చప్పుడు. నేను ఎడమకు, అంటే మళ్లీ గుట్ట వైపుకే తిరగడం మొదలుపెట్టాను.

ఆ క్షణంలో నేను ధైర్యంగా ఉన్నానని చెప్పను. కానీ చేతులకు పని తెలుసు. ఒంటిని కుడి పిర్ర మీదికి వేశాను. కుడి చేతిలోని తాడును, మేం బ్రేకు అనేదాన్ని, కొంచెమే, చెంబు అంచు పట్టుకున్నంత మెత్తగా కిందికి పట్టాను. ఎక్కువ గుంజితే మిగిలిన సగం కూడా ఆగిపోతుంది. చూపు ముడుచుకున్న పక్కకు కాకుండా దూరంగా పొలాల్లో ఉన్న ఒక తెల్ల ఆవు మీద పెట్టాను. తిరగడం ఆగింది. తిన్నగా పోతున్నానని తెలిశాక ఎడమ బ్రేకును ఒకసారి నిండుగా గుంజి వదిలాను. ఫట్‌మని రెక్క విచ్చుకుంది. విచ్చుకుంటూనే నా ముందుకు దూకింది. దాన్ని ఆపడానికి రెండు బ్రేకులూ పట్టి, తలమీదికి రాగానే మళ్లీ వదిలేశాను. ఇంకో కుదుపు వచ్చింది, ఈసారి చిన్నది. రెక్క చివర కొంచెం మడత పడి దానంతటదే తెరుచుకుంది. అలా పట్టుకుంటూ వదులుతూ పోతుంటే, చేలు మొదలయ్యే చోటు దాటాక ఒక్కసారిగా గాలి సర్దుకుంది. మట్టి దారి నుంచి తారు రోడ్డెక్కిన జీపులా నెమ్మదించింది.

దిగే జాగా వెతుక్కోవాలి. బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలు పొలాల నడుమ అడ్డదిడ్డంగా ఉన్నాయి. వాటికి దూరంగా దున్ని వదిలేసిన చెలక ఒకటి కనిపించింది. గాలి గుట్ట వైపు నుంచి వస్తోంది కాబట్టి గుట్టకు ఎదురు తిరిగి దిగాను. మోకాళ్లు మెత్తటి దుక్కిలో దిగబడ్డాయి. రెక్క వెనకాల వాలిపోయింది.

పక్క చేలో పల్లికాయ ఏరుతున్న అవ్వ ఒకామె కొంగు దులుపుకుంటూ వచ్చింది. నన్ను, ఆ గుడ్డను మార్చి మార్చి చూసింది.

"పడ్డవా, దిగినవా?" అని అడిగింది.

"దిగిన అవ్వా."

"దిగితె మంచిదే. రా, నీడకు కూసో."

సీటు పట్టీలు విప్పుదామంటే బకిలు ఊడలేదు. అవ్వ చూసి, వంగి బకిలు తనే నొక్కి చూసింది. రాలేదు. మళ్లీ నొక్కింది. మూడోసారికి వచ్చింది. మట్టికుండలో నీళ్లిచ్చింది. మూట విప్పి జొన్నరొట్టె సగం తుంచి, దాని మీద పచ్చిమిరపకాయల నూరుడు పెట్టి చేతిలో పెట్టింది. ఆకలి అవుతోందని అది నోట్లో పెట్టుకున్నాకే నాకు తెలిసింది.

"ఎవల బిడ్డవు? పెండ్లయిందా?"

"కాలే అవ్వా."

"గిట్ల మీదికెల్లి వస్తె ఎట్లయితది," అని నవ్వింది. పళ్లు రెండే ఉన్నాయి. నేనూ నవ్వాను. నవ్వడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "తిను, తిను, నీళ్లు తాగు" అంటూ కూర్చుంది.

కాసేపటికి జీపు గట్టు పక్కన ఆగింది. బాపు దిగాడు, ఆపా దిగింది. ఆపా పరిగెత్తుకొచ్చి నా భుజాలు, మోచేతులు తడిమి చూసి, అల్లాకు షుక్రియా చెప్పుకుని, అవ్వ పక్కన కూలబడి రొట్టె ముక్క తనూ తుంచుకుంది. బాపు మాత్రం నా దగ్గరికి రాకుండా ముందు రెక్క దగ్గరికి పోయాడు. చుట్టూ తిరిగి, దారాలు చిక్కు పడకుండా సర్ది, మడత పెట్టి, సంచిలో వేసి జీపులో పెట్టాడు. అప్పుడొచ్చి అవ్వ ఇచ్చిన నీళ్లు తాగాడు.

ఇంటికి వస్తూ హైవే ఎక్కాక బాపు అడిగాడు.

"గది ఒక పక్క ముడుసుకున్నప్పుడు నువ్వేం చేసినవు?"

చెప్పాను. ఒళ్లు కుడికి వేసి, బ్రేకు కొంచెమే పట్టి, దూరం చూశానని.

"గట్టిగ తొక్కలే?"

"గట్టిగ పడితె మొత్తం ఆగిపోతది బాపూ."

ఆయన తల ఊపాడు. "వానల బస్సు జారితె గంతే. బ్రేకు మీద నిలబడితె బోర్ల పడ్తది. కాలు తీసి, స్టీరింగు పట్టుకోని, అది పోతాంటె మెల్లమెల్లగ తెచ్చుకోవాలె." గేరు మార్చి, "మంచిగనే చేసినవు" అన్నాడు. వెనక సీట్లోంచి ఆపా, "ఇద్దరూ ఇద్దరే. నా గుండె ఇంకా ఆ గుట్ట మీదనే ఉన్నది, జర దాని గురించి కూడ మాట్లాడుండ్రి" అంది.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి మేజర్ సార్‌కు ఫోన్ చేశాను. అన్నీ విని, "ఎగురుడు బంద్ చేస్తవా?" అని అడిగాడు. తెలియదన్నాను. "సరే. నేనొస్త. వచ్చినంక చెప్పు" అని పెట్టేశాడు.

తరువాతి ఆదివారం హైదరాబాదు బస్సు దిగాడు. టీ తాగి, గుట్టకు కాదు, ముందు వాగు దగ్గరికి పోదామన్నాడు. వాగులో ఇంకా నీళ్లు పారుతున్నాయి. నడుమ ఒక పెద్ద గుండు. సార్ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలో నిలబడి, వేపాకులు గుండుకు ముందు వదిలాడు. ఆకులు నున్నగా వచ్చి, గుండు మీదికి ఎగబాకి, దాటాయి. దాటాక అవతల గిరగిరా తిరిగి, కొన్ని మునిగి, కొన్ని వెనక్కి గుండు దగ్గరికే వచ్చి అక్కడే చిక్కుకున్నాయి. గుండుకు బాగా దూరంగా పోయిన ఆకులు మాత్రం మళ్లీ నెమ్మదిగా సాగిపోయాయి.

"నీళ్లు కానొస్తయి, గాలి కానరాదు. గంతే ఫరక్," అని గుండు అవతలి సుడిని, తరువాత దూరాన నెమ్మదించిన నీళ్లను వేలితో చూపించాడు. "నువ్వు మొన్న గీడ ఉన్నవు. గాడికి పోయినవు. సరైన దిక్కుకే పోయినవు."

బాపు గట్టు మీద కూర్చుని తనూ కొన్ని ఆకులు తెంపి నీళ్లలో వేశాడు. చాలాసేపు చూశాడు. గుండు ఎంత పెద్దదైతే సుడి అంత దూరం పోతుందా అని అడిగాడు. అవునన్నాడు సార్. గాలి జోరు పెరిగినా అంతేనన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఎండ కాసే వాలు చాటు పక్కన ఉంటే మరీ మోసం. వాలు వేడెక్కి గాలి కిందినుంచి పైకి పాకుతుంటుంది, పీలికలు ముందునుంచి గాలి వస్తోందని చెబుతాయి. మనిషి సంబరంగా ఎగురుతాడు. పైకి పోయాక అసలు గాలి వెనకనుంచి కొడుతుంది. అందుకని వాలు మీద గాలిని ఒక్కదాన్నే నమ్మొద్దు, దూరాన పొగలు ఎటు వంగుతున్నాయో, మబ్బుల నీడలు ఎటు పోతున్నాయో, గద్దలు ఏ పక్కన ఉన్నాయో చూడమన్నాడు. "గాలి వచ్చుడు, ఆగుడు, ఎనకకెల్లి ఒకసారి ఊదుడు, మల్ల ముందుకెల్లి వచ్చుడు అయితాంటె, రెక్క సంచిలనే పెట్టు. చాటు గాలిల మంచిగ ఎగిరే ఉపాయం మొదటిది గదే."

అయినా రెండో ఉపాయం కూడా నేర్పాడు. మా స్కూలు గ్రౌండులో వేపచెట్టు కొమ్మకు నా సీటును తాళ్లతో కట్టి, నన్ను అందులో కూర్చోబెట్టారు. బ్రేకులకు బదులు రెండు తాళ్లు చేతికిచ్చాడు. సార్ ఒక పక్క, బాపు ఒక పక్క నిలబడి, చెప్పకుండా ఎటుపడితే అటు గుంజడం. ఎడమ పక్క జారితే ఒళ్లు కుడికి. ముందుకు ఊగితే బ్రేకు, వెనక్కి ఊగితే వదలడం. కళ్లు మూసుకుని, సీటు పక్కన ఆపదకని ఉంచిన చిన్న పారాచూటు పిడిని చేత్తో వెతికి పట్టుకోవడం. రెక్క చేతికి రాకుండా గిర్రున తిరుగుతూ నేల దగ్గరపడితే ఆలోచించకుండా దాన్ని పీకి విసరాలి. బాపు ఈ పనిలో ఎంత ఉత్సాహం చూపించాడంటే, ఒకసారి నేను దాదాపు తలకిందులయ్యాను. హాస్టలు పిల్లలు గోడ మీద వరసగా కూర్చుని, "ఇంకోసారి తాతా" అని అరిచారు. ఆపా స్టూలు వేసుకుని, నా చెయ్యి ఆలస్యమైనప్పుడల్లా "లేట్" అని చెప్పే పని పెట్టుకుంది.

మర్నాడు పొద్దున తూర్పు గాలి నింపాదిగా వీచింది. సార్ నన్ను గుట్ట ఎక్కించాడు. కాసేపే ఎగిరాను. దిగాక రెక్క మడత పెట్టి ఆయన్ను బస్టాండుకు తీసుకెళ్లాం. బస్సెక్కేటప్పుడు, "ఇప్పుడు చెప్పు" అన్నాడు. "ఎగురుత సార్," అన్నాను.

ఆ తరువాత వచ్చిన చలికాలం మొదట్లో మా స్కూలు పెద్ద మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల బడులన్నిటి ఆటల పోటీలు మా దగ్గర జరుగుతున్నాయి, పైనుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, ఆరోజు మన టీచరు గుట్ట మీదినుంచి ఎగిరి అందరి ముందు దిగితే స్కూలుకు ఎంత పేరు. గాలి బాగుంటేనే అని నేను ముందే చెప్పాను. మేడమ్ "బాగుంటది, బాగుంటది" అంది.

ఆరోజు గుట్ట కింద తిరునాళ్లలా ఉంది. షామియానా వేశారు. మైకు పెట్టారు. పల్లెల నుంచి ఎడ్లబండ్లు వచ్చాయి. ఐసు డబ్బాలవాళ్లు, మురుకులవాళ్లు, గ్యాసు బుగ్గలు, అదే బెలూన్లు, అమ్మేవాడు. నేను, ఆపా వాలు మీద ఎగిరే చోట నిలబడ్డాం. పీలికలు చూస్తే ఎంత ముచ్చటగా ఉన్నాయో. గాలి తిన్నగా వాలు ఎక్కి ముఖానికి తగులుతోంది. నేను రెక్క పరచలేదు. చూస్తూ ఉన్నాను. కాసేపటికి గాలి ఆగింది. వెనకనుంచి మెడ మీద చల్లగా ఒక ఊపిరి తగిలింది. మళ్లీ ముందునుంచి వచ్చింది. మళ్లీ ఆగింది.

ఆపా దూరంగా ఇటుక బట్టీ పొగ చూపించింది. అది తూర్పుకు వంగి ఉంది.

"పడమటి గాలి," అన్నాను.

"పక్కా," అంది ఆపా.

కింద మైకులో నా పేరు రెండుసార్లు పిలిచారు. దిగిపోయాను. పెద్ద మేడమ్ ముఖం మాడింది. "ఇంతమంది వచ్చిండ్రు. గాలి ముందుకెల్లే వస్తాంది కదా, అందరికీ కానొస్తనే ఉన్నది" అంది. ఆఫీసరు మర్యాదగానే అడిగాడు, కానీ ఆయన గొంతులోనూ అదే ప్రశ్న ఉంది. ఆయన వెంట వచ్చినవాళ్లలో ఒకరు, "భయమైతాందేమో పాపం" అన్నారు. మాటలతో చెప్పడం మొదలుపెట్టాను. వాలు, చాటు, వేడి గాలి. నాకే అది సాకులా వినిపించింది.

బాపు అప్పటిదాకా జీపుకు ఆనుకుని ఉన్నాడు. దగ్గరికి వచ్చి ఆఫీసరుకు నమస్తే పెట్టి, "సార్, నేను బస్సు నడిపిన. ఎక్కినోళ్లు ఎంత తొందర పెట్టినా, స్టీరింగు పట్టినోడు వద్దంటె వద్దే" అన్నాడు. అంతటితో ఆగితే ఇంకేం జరిగేదో. ఆయన తిరిగి బుగ్గలవాడి దగ్గరికి పోయి, "తమ్మీ, గా బుగ్గలు గన్ని ఇటియ్యి" అన్నాడు.

గుత్తి పట్టుకుని మళ్లీ నేనే గుట్ట ఎక్కాను. ఎగిరే చోట నిలబడి, గాలి ముఖానికి బాగా తగిలిన సమయం చూసి, మొత్తం గుత్తిని వదిలాను. ఎరుపు, నీలం, పసుపు బుగ్గలు వాలు వెంట అందంగా పైకి లేచాయి. కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. గుట్ట నెత్తి ఎత్తుకు చేరాయో లేదో, ఎవరో చేత్తో కొట్టినట్టు తూర్పుకు ఎగిరిపడ్డాయి. అక్కడ ఒక గుండ్రం తిరిగి, తల కిందికి పెట్టి, గ్యాసు బుగ్గలై ఉండి కూడా, నేల వైపుకు జారాయి. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. చివరికి సీతాఫలం చెట్ల నడుమ ముళ్లకంపలో పడి ఒకదాని వెనక ఒకటి పేలాయి.

చప్పట్లు ఆగిపోయాయి. నేను దిగి వచ్చేసరికి ఆఫీసరు ఇంకా ఆ కంప వైపే చూస్తున్నాడు. "గా బుగ్గల జాగాల నువ్వు ఉందువు కదమ్మా" అన్నాడు. అని, పెద్ద మేడమ్ వైపు తిరిగి, "టీచర్ గారు చెప్పింది కరెక్టు. ఇంకేమన్న చూపిస్తరేమో అడగండి" అన్నాడు.

ఇంకేమన్న చూపించాం. అందరం గుట్టకు దూరంగా స్కూలు గ్రౌండుకు పోయాం. అక్కడ గాలి సాఫుగా ఉంది. రెక్క పరిచి, కాళ్లు నేల మీదే ఉంచి, దాన్ని తలమీద నిలబెట్టాను. పిల్లలు నలుగురేసి వచ్చి నా సీటు పట్టీలు పట్టుకుని, గాలి ఎంత బలంగా లాగుతుందో చేతులతో చూశారు. పసుప్పచ్చ నీడ కింద అటూ ఇటూ పరిగెత్తారు. మా పెద్ద మేడమ్ కూడా చెప్పులు విడిచి వచ్చి ఒకసారి పట్టుకుంది. గాలి గుంజగానే "అమ్మో, ఇది ఎద్దు లెక్క ఉన్నది" అని, వదలకుండా ఇంకాసేపు పట్టుకుంది. పొద్దు గూకేదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

ఆ ఏడే డిసెంబరులో మేజర్ సార్ ఇద్దరు ఎగిరే పెద్ద రెక్క ఒకటి తెచ్చాడు. నన్నో ఆపానో ఎక్కించుకుంటాడనుకున్నాం. "నీ బాపును పిలువు" అన్నాడు. బాపు ఎప్పుడూ అడగలేదు. అడుగుతాడని నేనూ ఎప్పుడూ అనుకోలేదు. ఆయన జీపు తాళాలు నా చేతిలో పెట్టి, తలకు రుమాలు కట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాడు. తూర్పు గాలి నింపాదిగా ఉంది, బట్టీ పొగ పడమటికి వంగి ఉంది, గద్దలు మా పక్కనే ఉన్నాయి. నేను రెండుసార్లు చూశాను. ఆపా మూడోసారి చూసి ఆకుపచ్చ గుడ్డ ఊపింది.

ఇద్దరూ పరిగెత్తి లేచారు. బాపు కాళ్లు గాల్లో ఇంకా రెండడుగులు పరిగెత్తాయి. గుట్ట పొడవునా పోయి, తిరిగి, మా తలల మీదినుంచి పోయారు. ఆయన కిందికి చూడలేదు. జీవితమంతా రోడ్డు చూసినట్టే తిన్నగా ముందుకు చూస్తున్నాడు. ఆపా నా చెయ్యి పట్టుకుంది. నా కళ్లు తడిశాయి. గాలికి అని చెప్పాను. ఆమె నమ్మినట్టే తల ఊపింది.

దిగాక బాపు హెల్మెట్ తీసి, రుమాలు సర్దుకుని, కాసేపు గట్టు మీద కూర్చున్నాడు.

"ఎట్లున్నది బాపూ?"

"పైన జర సల్లగున్నది. స్వెటరు ఏసుకుంటె మంచిగుండు" అన్నాడు. తరువాత సార్ వైపు తిరిగి, "మన ఊరి దిక్కు కూడ గుట్టలున్నయి సార్. మల్లొచ్చినప్పుడు నకిరేకల్ పోదాం" అన్నాడు.

టిఫిను డబ్బా విప్పి ఆపా అందరికీ పూరీలు, ఆలుగడ్డ కూర పెట్టింది. బాపు మళ్లీ అడిగి పెట్టించుకున్నాడు. ఎండ ఎక్కుతోంది, గాలి మారకముందే రెక్కలు మడత పెట్టుకుని జీపెక్కాం.